కిటికీలకు స్నానం

ఆదివారం ఉదయం మా ఇంట్లో రెండు పనులు ఒకేసారి జరిగేవి. పెరట్లో అమ్మ మాకు తలంటు పోసేది. వీధివైపు నాన్న కిటికీలకు స్నానం చేయించేవారు. ఒక బొక్కెన మంచినీళ్ళు, ఒక పాత తువ్వాలు ముక్క, చిన్న చెంబు. ఊచ పైనుంచి నీళ్ళు వదులుతూ, గుడ్డతో నిమురుతూ కిందిదాకా వచ్చి, చివర పొడిగుడ్డతో తుడిచి పక్క ఊచకు వెళ్ళేవారు. నీళ్ళకు కటకటగా ఉన్న వేసవిలో కూడా ఆ బొక్కెనకు మినహాయింపు లేదు. అమ్మ సణిగేది. నాన్న వినిపించుకునేవారు కారు.

మా ఇల్లు విశాఖపట్నంలో, పెదవాల్తేరులో. డాబా ఎక్కితే సముద్రం కనిపించేది. ఎక్కకపోయినా పెదవి తడుపుకుంటే తెలిసేది. పక్కింట్లో రిటైరైన తాసిల్దారు గారు ఒకాయన ఉండేవారు. అరుగు మీద పేపరు చదువుతూ నాన్నను చూసి, "ఇనుము మీద నీళ్ళు పోస్తే తుప్పు పట్టదా? ఏమిటండీ ఈ విడ్డూరం?" అనేవారు. "కడగకపోతే పడుతుందండీ" అని నాన్న జవాబు. ప్రతివారం అదే ప్రశ్న, అదే జవాబు. తాసిల్దారు గారి కిటికీలకు నీటి చుక్క తగలనిచ్చేవారు కాదు. ఈకల కట్టతో దులిపించేవారు. నేను హైస్కూలు దాటేసరికి ఆ ఇంటి సముద్రం వైపు ఊచలు కొన్ని మధ్యలో సన్నబడి, చేత్తో పట్టి ఊపితే పెళుసుగా విరిగేవి. మావి చాలాకాలం నిలిచాయి.

నాన్న సింధియాలో పనిచేసేవారు. ఊరివాళ్ళకు ఇప్పటికీ అది సింధియానే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సంస్థ పునాది వేసిన నౌకా నిర్మాణ కేంద్రం, 1948లో నెహ్రూ 'జల ఉష'ను నీళ్ళలోకి దింపిన చోటు. 1952 తర్వాత హిందుస్తాన్ షిప్‌యార్డు అయింది. నాన్న చేరింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు, రంగులు వేసే విభాగంలో. రంగులంటే అందానికి కాదని ఆయన మాటల్లో తరచూ వచ్చేది. ఓడకు రంగు ఒళ్ళంతా కప్పే చర్మం, ఎక్కడ గీరుకుపోతే అక్కడినుంచి సముద్రం లోపలికి వస్తుందనేవారు. ఇంటికొచ్చాక కూడా ఆయన కళ్ళు అలాగే పనిచేసేవి. పెళ్ళికి వెళ్ళి భోజనాల బంతిలో కూర్చుని, పందిరి గొట్టాల అడుగును తుప్పు ఎంత తిన్నదో చూసే మనిషి.

కిటికీలు ఎందుకు కడగాలో ఆయన నాకు చెప్పింది ఉప్పు జాడీ దగ్గర. వానాకాలంలో మా వంటింట్లో కల్లుప్పు జాడీ అడుగున నీళ్ళు ఊరేవి. పైన మూత ఉన్నా, వాసెన గుడ్డ కట్టినా, ఉప్పు చెమ్మగిల్లిపోయేది. "అమ్మడూ, ఈ జాడీలోకి నీళ్ళు ఎవరు పోశారు?" అని అడిగారు. ఎవరూ పోయలేదన్నాను. "ఆ పోయనివాళ్ళే మన కిటికీ మీద కూడా రోజూ పోస్తున్నారు" అన్నారు.

తర్వాత నేను రసాయనశాస్త్రం చదివి, అదే పాఠం చెప్పి బతికాను కాబట్టి నాన్న మాటకు అంకెలు జోడించగలను. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే నీళ్ళు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం చాలు. విశాఖలో గాలి అంత పొడిగా ఉండే రోజు అరుదు. అంటే ఊచ మీద ఉప్పు పొర ఉన్నంతకాలం, కంటికి పొడిగా కనిపించినా, ఆ ఊచ తడిగా ఉన్నట్టే లెక్క. తడి ఉంటేనే ఇనుము ఒకచోట కరిగి, ఇంకోచోట గాలిలోని ఆక్సిజన్‌తో కలిసే ఏర్పాటు నడుస్తుంది. ఉప్పు ఆ తడిలో విద్యుత్తు సులువుగా పారేలా చేస్తుంది. ఇనుము మీద ఉండే సన్నని రక్షణ పొరను క్లోరైడ్ చీలుస్తుంది కూడా. కాబట్టి వారానికొక బొక్కెన మంచినీళ్ళు పోసి ఉప్పును కడిగేస్తే, ఆ నీళ్ళు అరగంటలో ఆరిపోతాయి. ఉప్పు మాత్రం దానంతట అది ఎన్నటికీ పోదు.

తీరప్రాంతం వాళ్ళు ఎవరైనా ఇల్లు ఒకసారి చుట్టి చూస్తే దీనికి సాక్ష్యం దొరుకుతుంది. వాన నేరుగా తగిలే గేటు పైభాగం కంటే, సన్‌షేడ్ కింద దాక్కున్న కిటికీ పైమూలనే తుప్పు ముందు తింటుంది. గేటు కమ్మీకి కూడా పైవైపు కంటే అడుగువైపే ఎక్కువ. వాన కడిగే చోట ఉప్పు నిలవదు. వాన అందని చోట పేరుకుంటుంది. "వాన నుంచి కాపాడాం" అని మనం సంతోషించే చోటే నిజానికి ఎక్కువ కడగాలి.

సంక్రాంతి ముందు అసలు పని ఉండేది. వానలు వెళ్ళిపోయి గాలి కాస్త పొడిబారే రోజులు అవే. నాన్న వారం సెలవు పెట్టేవారు. అమ్మ దృష్టిలో అది పండుగ సెలవు, ఆయన దృష్టిలో మరమ్మతు సెలవు. ముందు మంచినీళ్ళతో కడగడం. తర్వాత వైరు బ్రష్, గరుకు కాగితం. ముట్టుకుంటే పొడి రాలని దాకా గీకాలి. ఇక్కడ అందరూ తొందరపడతారు. తుప్పు మీదే రంగు వేస్తే రంగు అడుగున ఉప్పు, తేమ చిక్కుకుని, ఏడాదిలో పొక్కులు లేస్తాయి. పొక్కు లేచిన రంగు, అసలు రంగు లేనిదానికంటే హీనం, ఎందుకంటే అది లోపలి తడిని ఆరనివ్వదు. గీకినవాటికి ఆ సాయంత్రం మంచు దిగేలోగా ప్రైమర్ పడి తీరాలి. "రేపు వేద్దాం" అన్న మాట ఆ వారంలో మా ఇంట్లో నిషేధం. రాత్రి గడిస్తే గీకిన ఇనుము మళ్ళీ ఎర్రబారుతుంది.

ఇంకొక పద్ధతి ఓడల దగ్గరినుంచి తెచ్చుకున్నది. ముందుగా అంచులు, మూలలు, వెల్డింగు అతుకులకే చిన్న కుంచెతో ఒక పూత. అది ఆరాక అంతటికీ రెండో పూత. తడి రంగు పదునైన అంచు మీద నిలవదు, తలతన్యత వల్ల, అంటే ద్రవం పైపొర తనను తాను లాక్కునే గుణం వల్ల, రెండు పక్కలకూ జారిపోయి అంచు మీద పలచబడుతుంది. అందుకే ఏ గ్రిల్లు చూసినా తుప్పు అంచునుంచే మొదలవుతుంది. పెయింటర్లకు ఈ మాట చెబితే విసుక్కుంటారు. చెప్పాల్సిందే.

పాత కిటికీల్లో ఊచలు చెక్క చట్రంలోకి దిగేవి. ఆ దిగే చోట వాన నీళ్ళు, ధూళి, ఉప్పు ఇరుక్కుని ఊచ అడుగు ఉబ్బేది, ఉబ్బి చెక్కను చీల్చేది. నాన్న అవిసె నూనె, సుద్దపొడి కలిపి లప్పం పిసికి, ఊచ చుట్టూ చిన్న గుట్టలా, నీళ్ళు జారిపోయేలా పెట్టేవారు. ఆ లప్పం పిసకడం మా తమ్ముడి పని, గోళ్ళ నిండా తెల్లగా చేసుకుని అన్నానికి వచ్చి అమ్మ చేత చీవాట్లు తినేవాడు.

ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లో నాన్న వేసిన ప్రైమర్ ముదురు నారింజ రంగులో ఉండే రెడ్ లెడ్, అంటే సీసపు సింధూరం. ఇనుముకు దానంత మంచి కాపు అప్పట్లో లేదు, మనిషికి అంత చెడ్డది. ఆ పొడి పిల్లల ఒంట్లో చేరితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నిబంధన వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నిబంధన పాటించిన కొత్త డబ్బాలతో పేచీ లేదు. పాత ఇంటి కిటికీని గీకుతున్నప్పుడే జాగ్రత్త. పొడిగా గీకకుండా తడిపి గీకడం, ముక్కుకు గుడ్డ కాకుండా సరైన మాస్కు కట్టుకోవడం, రాలినదంతా ఎత్తి పిల్లలు తిరగని చోట పారేయడం. ఇప్పుడు ఆ పనికి రెడ్ ఆక్సైడ్, ఉప్పుగాలి ఊళ్ళలో అయితే జింకు పొడి ఎక్కువగా ఉన్న ప్రైమర్ వాడుతున్నారు.

జింకు అంటే మా ఊరికి దగ్గరి చుట్టమే. మింది వైపు ఒకప్పుడు జింకు తయారుచేసే కర్మాగారం నడిచేది. ఓడల అడుగున, చుక్కాని దగ్గర, కంచు పంకాకు ఎదురుగా జింకు దిమ్మలు బిగిస్తారు. సముద్రం ఆ దిమ్మలను తింటుంది, ఉక్కును వదిలేస్తుంది. అరిగిన దిమ్మలు తీసి కొత్తవి వేస్తారు. ఈ ఉపాయం పాతది. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగుకు జింకు, ఇనుము ముక్కలు తగిలించి రాగిని కాపాడాడు. రాగి భద్రంగా ఉంది, కానీ కరగడం మానేసిన రాగి మీద నాచు, గుల్లలు హాయిగా కాపురం పెట్టాయి, ఓడల వేగం తగ్గిపోయింది. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీల వాళ్ళు కూడా నవ్వేవారు.

ఇదే సంగతి మా పెరట్లో ఏ పరికరమూ లేకుండా కనిపించేది. అమ్మ కనకాంబరాలు ఖాళీ డాల్డా డబ్బాల్లో పెంచేది. డబ్బాకు లోపల, బయట తగరపు పూత. అడుగున మేకుతో చిల్లులు పొడిచిన రోజునుంచే ఆ చిల్లుల చుట్టూ తుప్పు పరుగు పెట్టేది, రెండు వానాకాలాలకు డబ్బా అడుగు ఊడి మట్టి నేల మీద కూర్చునేది. పక్కనే నూతి దగ్గర జింకు పూత బొక్కెన, రాళ్ళకు కొట్టుకుని ఒళ్ళంతా గీతలు పడినా ఏళ్ళ తరబడి బతికేది. పూత గీరుకుపోయినప్పుడు జింకు తాను కరుగుతూ ఇనుమును కాస్తుంది. తగరం అలా చేయదు. గీత పడిన చోట ఇనుమే కరిగి తగరం నిక్షేపంగా మిగులుతుంది.

తగరం గౌరవం వేరేచోట. అది వంటింట్లో ఇత్తడి గిన్నెల లోపల. చింతపండు పులుసు, చారు, మజ్జిగ ఏది పోసినా ఉత్త ఇత్తడి చిలుమెక్కుతుంది, ఆ చిలుము విషం. అందుకని కళాయి. ఏడాదికి రెండుమూడుసార్లు సాయిబు ఒకాయన కావడిలో తిత్తి, బొగ్గుల సంచి పెట్టుకుని వీధిలో "గిన్నెలకు కళాయీ" అని సాగదీసి పిలిచేవాడు. వేపచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, తిత్తి ముక్కు అందులోకి పెట్టి, బొగ్గులు రాజేసేవాడు. పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. గిన్నెను ఇసుకతో రుద్ది, నిప్పుల మీద తిప్పి, నవాసాగరం అనే ఉప్పు పొడి ఒక చిటికెడు చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచి ముక్కులు అదిరేవి. వెంటనే తగరం కడ్డీని గిన్నెకు తాకించి, దూదితో ఒక్క చుట్టు తుడిచేసరికి నల్లగా ఉన్న లోపలి భాగం వెన్నెల రంగుకు మారిపోయేది. నాకు ప్రపంచంలో రసాయనశాస్త్రం మొదలైంది ఆ వేపచెట్టు కిందే. నవాసాగరం వేడికి విడిపోయి గిన్నె మీది ఆక్సైడ్‌ను ఊడదీస్తుంది, శుభ్రమైన లోహానికి తగరం అతుక్కుంటుంది, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి బొగ్గుల కుంపటి చాలు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. "ఏమయ్యా, ఈసారైనా సంక్రాంతి దాకా నిలుస్తుందా?" అని అమ్మ. "మీరు పీచుతో తోమకపోతే దసరా కూడా చూస్తుందమ్మగారూ" అని ఆయన. ఆ మాట అక్షరాలా నిజం. కళాయిని గట్టిగా తోమడమంటే డబ్బు కాలువలో పోయడమే.

వంటింట్లో అమ్మ చట్టాలు అమ్మవి. నాన్నకు అక్కడ మాట లేదు. ఉప్పు జాడీలోనే, స్టీలు డబ్బాలో పోయకూడదు. ఆవకాయలో స్టీలు గరిట వదిలేయకూడదు. పులుసు సిల్వర్ గిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో, రాత్రంతా ఉంచకూడదు. దోసెల పెనం కడిగితే పొయ్యి మీద ఆరబెట్టి, వేడి ఉండగానే నూనె గుడ్డ రాయాలి. కత్తిపీటకు కూడా నూనె. వీటిలో కారణం లేనిది ఒక్కటీ లేదని నాకు ఉద్యోగంలో చేరాక అర్థమైంది. స్టీలు సామాను తుప్పు పట్టకపోవడానికి దానిమీద క్రోమియం వేసుకునే అతిసన్నని పొర కారణం. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఆ పొర నిలుస్తుంది. షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో అలాంటి ఉక్కు పోత పోశాడు. మన గిన్నెల ఉక్కులో చాలావరకు 18 శాతం దాకా ఉంటుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ తనంతట తాను పూడుతుంది, ఆక్సిజన్ అందితే చాలు. తేమ చేరిన ఉప్పు కుప్ప కింద ఆక్సిజన్ అందదు, క్లోరైడ్ మాత్రం కావలసినంత. అక్కడ సూదిమొన అంత చిల్లు మొదలై లోపలికి దిగుతుంది. ఉప్పు పోసిన స్టీలు డబ్బా అడుగును ఎండకు ఎత్తి పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా వెలుతురు వస్తుంది. మా పిన్ని వాళ్ళింట్లో చూశాను.

తుప్పు మరకల వైద్యం కూడా అమ్మదే. బట్టలారేసే ఇనుప తీగ నాన్న తెల్ల చొక్కాలకు ఎర్ర గీతలు వేసేది. చాకలి బ్లీచింగ్ పెడతానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. బ్లీచింగు తుప్పు మరకను ఇంకా గట్టిపరుస్తుంది. మరక మీద కల్లుప్పు పరిచి, నిమ్మకాయ పిండి, ఎండలో పడేసేది. సాయంత్రానికి మరక పసుపుగా మారి, ఉతికితే పోయేది. నిమ్మరసంలోని ఆమ్లం ఇనుమును పట్టుకుని కరిగిస్తుంది. అదే మందు గ్యాస్ బండ కింద మొజాయిక్ గచ్చు మీద పడే ఎర్ర వలయానికి వాడితే మాత్రం మరకతోపాటు గచ్చు మెరుపు కూడా పోతుంది. పాలరాయి అయితే చెప్పనే అక్కర్లేదు. గచ్చుకు మందు కంటే, బండను చక్రాల పీట మీద పెట్టి కింద తడి లేకుండా చూడటమే నయం. బీరువాకైనా అంతే. ఇల్లు తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ బీరువా కాళ్ళ కింద నీళ్ళు దాక్కుంటాయి, ఎవరూ వంగి చూడరు. నాన్న నాలుగు చెక్క దిమ్మలకు వార్నీషు వేసి కాళ్ళ కింద పెట్టారు.

ఈ తరం ఇళ్ళలో నాకు కనిపించే కొత్త దొంగ సింకు కింద అలమారలో ఉంటుంది. బాత్‌రూం యాసిడ్ సీసా. మూత ఎంత బిగించినా ఆ ఆవిరి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది, చుట్టుపక్కల కీళ్ళు, మేకులు, స్టీలు గొట్టాలు అన్నీ గోధుమ రంగుకు తిరుగుతాయి. "మంచి కంపెనీ కుళాయిలే, ఎందుకిలా అయ్యాయో" అని తల పట్టుకునేవాళ్ళకు ఆ సీసాను బయట బాల్కనీ మూలకు మార్చమని చెబుతుంటాను. గీజరు విషయంలో కూడా నన్నడిగేవాళ్ళు ఎక్కువ. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ఓడకు కట్టిన జింకు దిమ్మ లాంటిదే. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఇళ్ళలో అది త్వరగా అరిగిపోతుంది. దాన్ని చూసుకుని మార్చేవాళ్ళ గీజరు నిలుస్తుంది, మార్చనివాళ్ళ ట్యాంకు కారుతుంది. కడ్డీ ఖరీదు కొత్త గీజరు ఖరీదులో చిన్న భాగం.

నాన్న రిటైరయ్యాక, 2002లో, రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా తెరిచారు. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన నౌక అది. ఊరంతా లోపలి యంత్రాలు చూడటానికి వరుస కట్టింది. నాన్న లోపలికి వెళ్ళకముందు బయటే, ఎండలో, దాని పొట్ట అడుగున వెల్డింగు గీతలు చూస్తూ నిలబడ్డారు. "పాపం, నీళ్ళలో ఉన్నప్పటికంటే దీనికి ఇక్కడే పని ఎక్కువ" అన్నారు. సముద్రం అడుగున ఆక్సిజన్ తక్కువ, పైగా జింకు కాపలా ఉంటుంది. ఒడ్డున ఉప్పుతుంపర పడి ఆరి, మళ్ళీ పడి ఆరుతుంది. జెట్టీ ఇనుప స్తంభాలు చూస్తే అది తెలుస్తుంది. అలలు తాకీ తాకని గీత పైనే తుప్పు వాటిని అన్నింటికంటే ఎక్కువ తింటుంది.

నాన్న పోయాక వచ్చింది హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12. గాలి వేగం మాటెలా ఉన్నా, ఆ గాలి సముద్రాన్ని తుంపరగా చేసి ఊరి మీద చల్లింది. మర్నాటికి నిలబడిన చెట్లకు కూడా ఆకులు మాడి గోధుమ రంగులో ఉన్నాయి. కరెంటు లేదు, అందుకని మోటారు లేదు, అందుకని తాగడానికే నీళ్ళు లేవు. అమ్మ ఫోను దొరికిన మొదటిసారి నాతో అన్న మాట, "కిటికీలు కడగడానికి నీళ్ళు లేవే." తాగడానికి ఉన్నాయా అని నేను అరిచాను. ఆ నెల తిరిగేసరికి మా వీధిలో ఎప్పుడూ తుప్పెరుగని లోపలి గదుల బోల్టులు కూడా ఎర్రబడ్డాయి. తమ్ముడు ట్యాంకరు నీళ్ళలో ఒక బొక్కెన పక్కకు తీసి, మొదట ఫ్యాను రెక్కలు, ఫ్రిజ్జు వెనక భాగం, ఆ తర్వాత ఊచలు తుడిచాడు. ఆ వరుస ఎవరు చెప్పారో నేనడగలేదు.

అసలు ఖర్చు ఆ తర్వాత బయటపడింది, సన్‌షేడ్ రూపంలో. ఒక మధ్యాహ్నం సముద్రం వైపు సన్‌షేడ్ అడుగునుంచి పెద్ద పెచ్చు ఊడి కింద పడింది. లోపల ఊచ పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. కాంక్రీటు తాజాగా ఉన్నప్పుడు క్షారగుణం ఎక్కువ, దాని మధ్యలో ఇనుము హాయిగా ఉంటుంది. ఏళ్ళ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్, ఉప్పు సన్నసన్నగా లోపలికి దిగి ఇనుమును చేరతాయి. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. చోటు లేక కాంక్రీటును పగలగొడుతుంది. అందుకే ఇనుము మీద ఎంత మందం కాంక్రీటు ఉందన్నదే తీరంలో ఇంటి ఆయుష్షు. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 456లో, ఎండిన ఊళ్ళలో ఇంటి లోపలికి 20 మిల్లీమీటర్లు చాలు, తీరపు గాలికి ఎదురుగా ఉండే భాగానికి 45 ఉండాలి. మా సన్‌షేడ్ కొలిస్తే బొటనవేలి మందం కూడా లేదు. ఇల్లు కట్టిన రోజుల్లో ఇనుము కింద కంకర రాయి ముక్క పెట్టి పైన కాంక్రీటు పోసేవారు. తొక్కిడిలో ఆ రాయి జారితే ఇనుము పలక మీదే పడుకునేది.

మేస్త్రీ వచ్చి, ఊడిన చోట సిమెంటు మెత్తి, సున్నం కొట్టి, డబ్బులు తీసుకుని వెళ్ళాడు. మరుసటి ఏడాది సరిగ్గా ఆ అతుకు పక్కనే కొత్త పెచ్చు ఊడింది. ఇది అందరిళ్ళలో జరిగేదే. పాడైన చోట కరుగుతున్న ఇనుము పక్కనున్న ఇనుమును ఇన్నాళ్ళూ కాచింది. మనం దాన్ని బాగుచేయగానే ఆ పాత్ర పక్కదానికి దక్కింది, ఉప్పు అక్కడ కూడా ఉంది మరి. రెండోసారి సరిగా చేయించాం. ఊచ చుట్టూ, ఊచ వెనక కూడా కాంక్రీటు తొలిచి, శుభ్రమైన ఇనుము కనిపించేదాకా రెండువైపులా గీకి, జింకు ప్రైమర్ వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చారు. ఉప్పు పట్టిన కాంక్రీటును తుప్పు మరక దాటి ఇంకొక జానెడు దాకా తీసేయించాం. ఖర్చు చూసి తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ మనసు ఒప్పలేదు.

నేను హైదరాబాదులో ఉంటాను. ఇక్కడ మా బాల్కనీ గ్రిల్లుకు రంగు వేసి చాలా ఏళ్ళయింది, అంచుల్లో తప్ప ఏమీ కాలేదు. ఇక్కడి స్నేహితులకు ఈ గొడవంతా వింతగా తోస్తుంది. ఢిల్లీ మెహ్రౌలీలో పదహారు వందల ఏళ్ళుగా ఆరుబయట నిలబడిన ఇనుప స్తంభాన్ని చూపించి, "మన పూర్వులకు తెలిసిన విద్య మనకు తెలియదు" అని ఒక మిత్రుడు వాదిస్తాడు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన కాపాడే పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూరులో ఆర్. బాలసుబ్రమణియం పరిశోధించి చెప్పారు. చేసినవాళ్ళ పనితనానికి దండం పెట్టాల్సిందే. అయితే ఢిల్లీ గాలిలో సముద్రం లేదన్న మాట కూడా ఒప్పుకోవాలి. దాన్ని తెచ్చి మా వీధి చివర నిలబెడితే నాన్న బొక్కెన పట్టుకుని వెళ్ళేవారని నా నమ్మకం.

ఈ మధ్య తమ్ముడు పాత గేటు మార్చాలనుకున్నాడు. స్టెయిన్‌లెస్ స్టీలు వేయిస్తే జన్మలో పని ఉండదని షాపువాళ్ళు చెప్పారట. 304 రకమా, 316 రకమా అని అడిగాను. మాలిబ్డినం అనే లోహం రెండు మూడు శాతం కలిపిన 316 అయితే సముద్రపు గాలికి ఓర్చుకుంటుంది. 304కు మా వీధిలో ఏడాదిలోపే టీ మరకల్లాంటి చుక్కలు వస్తాయి, కడుగుతూ ఉంటే పోతాయి. ధర విని వాడు వెనక్కి తగ్గాడు. చివరికి మామూలు ఇనుప గొట్టాలతో, జింకు పూత వేయించి, పైన రంగు వేయిద్దామని నిర్ణయించాం. గొట్టాల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న చిల్లు ఉండాలని, లేకపోతే వెల్డింగు సందుల్లోంచి చేరిన నీళ్ళు లోపలే నిలిచి గొట్టాన్ని లోపలినుంచి తింటాయని చెప్పాను. పూత వేయకముందే వేయమన్నాను. వెల్డరు నవ్వి, "గొట్టానికి చిల్లెందుకండీ, చెడగొట్టడానికా?" అన్నాడట. గేటు చిల్లు లేకుండానే పూత వేసుకుని వచ్చింది.

మొదటి వానలు పడ్డాక తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, ఎడమ గొట్టానికి అడుగున నేనే డ్రిల్లు వేశాను. అర చెంబుడు నీళ్ళు కారాయి" అన్నాడు. చిల్లు అంచుకు జింకు ప్రైమర్ రాయమని, మిగతా మూడు గొట్టాలకు కూడా వెంటనే వేయమని చెప్పాను. డ్రిల్లు మిషను తాసిల్దారు గారి మనవడిదట, సాయంత్రంలోగా తిరిగి ఇచ్చేయాలి అంటూ పెట్టేశాడు.